బొగ్గు మచ్చకు సన్మానం

పోశం కుడి ముంజేతి మీద నల్లమచ్చ తేలిన రోజున గుట్టకింది కాలనీలో అతనంత సంతోషంగా ఉన్న మనిషి ఇంకొకడు లేడు. రూపాయి బిళ్లంత మచ్చ. చుట్టూ ఎర్రగా ఉబ్బి, నడుమ గుంట పడి, ఆ గుంటలో నల్లగా బొగ్గుపెళ్ల అతికించినట్టు ఉంది. నొక్కినా నొప్పి లేదు, గిల్లినా నొప్పి లేదు. దవాఖానకు పొమ్మని భార్య మల్లక్క నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, అతను చొక్కా చేతిని మోచేయి పైదాకా మడిచి కాలనీ నాలుగు గల్లీలూ తిరిగి వచ్చాడు.

నల్లపుండుకు ఇంత సంబరమేమిటని బయటివాళ్లకు అనిపిస్తుంది. గుట్టకింది కాలనీ సంగతి తెలిస్తే అనిపించదు. గోదావరిఖని చుట్టుపక్కల గనుల్లో పనిచేసి రిటైరైన వాళ్లు, ఓపెన్‌కాస్టు గని నుంచి తవ్విపోసిన మట్టిగుట్ట పక్కన కట్టుకున్న ఇళ్లవి. ఆ మగవాళ్లలో ఒక్కొక్కరి ఒంటి మీద ఒక నీలిమచ్చ ఉంటుంది. దెబ్బ తగిలినచోట బొగ్గుపొడి లోపలే ఉండిపోయి, పైన తోలు మూసుకుంటే పడే మచ్చ అది. వాళ్ల దృష్టిలో అది పతకం. బావిలో, అంటే భూగర్భ గనిలో, మందు పెట్టి పేల్చే పని చేసిన ఆగయ్యకు నుదుటి మీద ఉంది. బొగ్గు నింపే పని చేసిన బుచ్చన్నకు వీపు మీద మూడు ఉన్నాయి, అందుకే అతను చలికాలంలో కూడా బనీను వేసుకోడు.

పోశానికి మాత్రం ఒక్కటీ లేదు. అతను ముప్పై నాలుగేళ్లూ ల్యాంప్‌రూమ్‌లోనే పనిచేశాడు. బావిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలివ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర వాటిని తీసుకుని ఛార్జింగుకు పెట్టడం అతని డ్యూటీ. బావి నోటిదాకా వెళ్లాడే కాని ఒక్కనాడూ లోపలికి దిగలేదు. దాంతో అతనికి నీడపట్టు పోశం అని పేరు పడింది. ఎవరైనా పైకప్పు కూలిన కథ చెప్తున్నప్పుడు అతను నోరు తెరిస్తే, నువ్వాగు, నీకు బల్బు మాడిన కథలు తప్ప ఏం తెలుసని నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. ఇంటికొచ్చి అన్నం సరిగా తినేవాడు కాదు. అది మల్లక్క ఒక్కతికే తెలుసు.

అలాంటి పోశం చేతి మీద రిటైరైన ఆరేళ్లకు నల్లమచ్చ తేలింది. ఆగయ్య కళ్లద్దాలు పెట్టుకుని, పట్టపగలు టార్చి వేసి, దాన్ని పావుగంట పరీక్షించాడు. మూడో నంబరు సీమ్, అంటే మూడో పొర బొగ్గు అని తేల్చాడు. బుచ్చన్న ఒప్పుకోలేదు. మెరుపు చూస్తే నాలుగో నంబరులా ఉందన్నాడు. అసలు బావిలోకి దిగని వాడి ఒంట్లోకి బొగ్గు ఎలా వచ్చిందని ఒకరు అడగనే అడిగారు. ఆగయ్య దగ్గర దానికీ జవాబు ఉంది. ముప్పై నాలుగేళ్లు దీపాల మీది దుమ్ము పీల్చాడు కదా, అదంతా లోపల పోగుపడి, గట్టిపడి, ఇన్నాళ్లకు దారి చూసుకుని బయటికి వచ్చిందన్నాడు. అందరూ తలలూపారు. బొగ్గు సంగతిలో వాళ్లకు తెలియనిది లేదు మరి, అందులోనే వచ్చింది చిక్కంతా.

అక్కడున్న వాళ్లందరిలో మల్లక్కకు ఒక్కతికే నవ్వు రాలేదు, గర్వమూ కలగలేదు. ఆ చెయ్యి ఎనిమిది రోజుల కిందట ఏం పని చేసిందో ఆమెకు తెలుసు.

కాలనీలో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరైనవాడు యాటను కోసి గల్లీలోని పదకొండు ఇళ్లకూ దావత్ ఇవ్వాలి. పోశం ఆరేళ్లు దాన్ని వాయిదా వేశాడు. ఒక ఏడాది మోకాళ్ల నొప్పి అన్నాడు, ఒక ఏడాది వానలన్నాడు, ఒక ఏడాది ఏమీ అనకుండా మేనమామ ఊరికి వెళ్లిపోయాడు. చివరికి మాటలు పడలేక ఎండాకాలంలో ఒక పొట్టేలును తెచ్చాడు. పని చెయ్యకుండా ముందు నడుస్తుంది కాబట్టి దానికి మేనేజర్ అని పేరు పెట్టాడు. వానలు పడ్డాక మట్టిగుట్ట మీద లేత గడ్డి లేచింది. మేనేజర్ రోజూ గుట్టెక్కి, మట్టితో సహా ఆ గడ్డి కొరికి, సాయంత్రానికి పొట్ట వేసుకుని దిగేది. ఆదివారం దావత్ అని పోశం ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఆదివారం పొద్దున చూస్తే మేనేజర్ గుంజ పక్కన చచ్చి పడి ఉంది. రాత్రి గడ్డి తిన్న జీవం, కాళ్లు చాపి, పొట్ట ఉబ్బి, ముక్కుల్లో నల్లటి నెత్తురుతో పడి ఉంది.

దావత్ వద్దని చెబ్దామంది మల్లక్క. పోశం ఒప్పుకోలేదు. ఇప్పుడు యాట చచ్చిందంటే నమ్మేవాడెవడు, దావత్ ఎగ్గొట్టడానికి పొట్టేలును నేనే చంపుకున్నానంటారని లబలబలాడాడు. అదీ నిజమే. తప్పకుండా అలాగే అంటారు. అతను కత్తి తెచ్చి చచ్చినదాని మెడ కోశాడు. భార్య చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, ఎవ్వరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. తోలు తీస్తుంటే చిక్కని నల్ల నెత్తురు కారుతూనే ఉంది. తిల్లి, అదే ప్లీహం, మామూలు కంటే మూడింతలుండి, పట్టుకుంటే చేతిలోనే చితికిపోయింది. మల్లక్క దాన్ని పెంటకుప్పలో పాతి, పెద్ద గంజు పొయ్యి మీదికెక్కించింది.

తలకాయ, కాళ్లు పక్కింటి యేసమ్మ కాల్చి కడిగిపెట్టింది. యేసమ్మ భర్త సామ్యేల్ బావిలో పైకప్పుకు దిమ్మెలు నిలబెట్టే సపోర్టుమన్‌గా చేసి, నాలుగేళ్ల కిందట కాలం చేశాడు. ఈ రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఇటు దగ్గితే అటు మంచినీళ్లు కావాలా అని అడుగుతారు. ఏ ఇంట్లో యాట తెగినా తలకాయ పని యేసమ్మదే, ఆమె కాల్చినట్టు ఇంకెవరూ కాల్చలేరు.

మధ్యాహ్నం పదకొండు ఇళ్లవాళ్లూ వచ్చి తిన్నారు. ఇంత మెత్తటి మాంసం తన జన్మలో తినలేదని ఆగయ్య మూడుసార్లు వేయించుకున్నాడు. పోశం వడ్డిస్తూ తిరుగుతుంటే మల్లక్క గంజు దగ్గర నిలబడి దేవుళ్లందరికీ మొక్కింది. సాయంత్రానికి ఎవరికీ వాంతులు కాలేదు. గండం గడిచిందనుకుంది.

నాలుగో రోజు పోశం చేతి మీద దోమ కుట్టినట్టు దద్దు లేచింది. తర్వాత నీటి పొక్కయింది. ఆ పొక్కు చితికి, మచ్చయి, మూడో నంబరు సీమ్ బొగ్గయింది.

కాలనీ రిటైర్డు కార్మికుల సంఘం ఆలస్యం చెయ్యలేదు. వచ్చే ఆదివారం పోశానికి సన్మానం అని తీర్మానించింది. ఫ్లెక్సీ కొట్టించారు. అందులో పోశం ముఖం ఓ మూలన చిన్నగా ఉంది, చెయ్యి మాత్రం నిలువెత్తున ఉంది. ఫ్లెక్సీ చేతికొచ్చిన రోజే యేసమ్మ చూపుడు వేలు మీద కూడా అలాంటి నల్లమచ్చ కనబడింది. దాంతో సంఘానికి తల ప్రాణం తోకకు వచ్చింది. ఆమె ల్యాంప్‌రూమ్ ముఖమైనా చూసిన మనిషి కాదు. రెండు గంటలు చర్చించారు. ముప్పై ఏళ్లు సామ్యేల్ డ్యూటీ బట్టలు ఉతికింది కాబట్టి ఆ బొగ్గు వేలిగుండా ఎక్కిందని ఆగయ్య చెప్పాడు. అయితే ఆమెకూ శాలువా కప్పాలా అని బుచ్చన్న అడిగాడు. బట్టలు ఉతకడం సర్వీసు కిందికి వస్తుందా రాదా అనే దగ్గర చర్చ ఆగిపోయింది. చివరికి ఆమెకు దండ ఒక్కటి వేస్తే చాలనుకున్నారు.

గురువారం పశువుల దవాఖాన నుంచి భూపాల్ వచ్చాడు. టీకాలు వేస్తూ ఊళ్లు తిరిగే మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, చంకలో రిజిస్టరు. పక్క ఊళ్లో గొల్లవాళ్ల మందలో తొమ్మిది గొర్రెలు పోయాయని, ఇక్కడ ఏమైనా పోయాయా అని ఇల్లిల్లూ అడిగాడు. ఏ ఇంట్లోనూ ఏమీ పోలేదు. రెండేళ్లుగా ఇదే జవాబని, ఇక్కడి జీవాలు పుడతాయి, పెరుగుతాయి, దావత్‌లకు తెగుతాయి తప్ప వాటంతటవి చచ్చింది ఒక్కటీ తన రిజిస్టరులో లేదని మల్లక్క గడపలో నిలబడి వాపోయాడు. చావే లేని జీవాలను ఇక్కడే చూస్తున్నానన్నాడు.

ఆ గొర్రెలకు వచ్చిన రోగం ఎట్లుంటుందని మల్లక్క గొంతు తగ్గించి అడిగింది.

“దొమ్మరోగం అక్కా. డాక్టర్లు ఆంత్రాక్స్ అంటరు,” అన్నాడు భూపాల్. “రాత్రి మంచిగున్న జీవం పొద్దుగాల సచ్చిపడి ఉంటది. ముక్కులకెళ్లి నల్ల నెత్తురు కారుతది, గడ్డ కట్టది. దాన్ని కోసినోళ్ల చేతులకు నల్ల పుండు లేస్తది. నొప్పి ఉండది గద, అందుకే ఎవలూ దవాఖానకు పోరు.”

“పోకుంటే?”

“జల్ది పోతే గోలీలతోనే తక్కువైతది. ఆలస్యమై నెత్తుట్ల కలిస్తే మనిషి దక్కడు.”

ఆ విత్తనం మట్టిలో ఎన్నో ఏళ్లు చావకుండా ఉంటుందని, వానలకు పైకి తేలితే గడ్డితోపాటు జీవం కడుపులోకి పోతుందని అతను ఇంకా చెప్పాడు. మల్లక్కకు అదేదీ చెవికెక్కలేదు.

భూపాల్ పోగానే పోశాన్ని లోపలికి పిలిచి చెప్పింది. పోశం మచ్చ వైపు చూసుకున్నాడు, గోడకు తగిలించిన ఇస్త్రీ చొక్కా వైపు చూశాడు. ఒట్టు గుర్తుచేశాడు. ఒట్టు తప్పితే మొగుడు చస్తాడు. ఒట్టు నిలబెట్టుకుంటే రోగంతో చస్తాడు. ఎటు తిప్పి చూసినా చచ్చేది ఆ మొగుడే కావడంతో మల్లక్కకు పిచ్చెక్కినంత పనయింది.

“ఆదివారం ఒక్కటి దాటనియ్యే,” అన్నాడు పోశం. “శాలువ కప్పినంక నువ్వే తీస్కపో. ముప్పై నాలుగేండ్లు నవ్విండ్రు నన్ను. ఒక్క మూడు దినాలు ఆగలేవా?”

ఆగింది. ఇందులో ఆమె తప్పు లేదని చెప్పలేం. నల్లా దగ్గర నలుగురు ఆడవాళ్లు ఆమెను దీపాలాయన పెండ్లాం అని ఎత్తిపొడిచిన రోజులు ఆమె కూడా మరిచిపోలేదు. మొగుడి భుజం మీద శాలువా చూడాలని ఆమెకూ ఉంది. మూడు రోజుల్లో ఏమవుతుందిలే అనుకుంది.

శనివారానికి పోశం చెయ్యి మోచేతిదాకా వాచింది. యేసమ్మ చెయ్యి భుజందాకా వాచింది. చలి పెడుతోందని గోడ అవతల నుంచి యేసమ్మ సన్నగా పిలిస్తే మల్లక్క దుప్పటి పట్టుకుని పరిగెత్తింది. కప్పింది. నుదురు పట్టుకు చూసింది, పెనంలా కాలుతోంది. చెప్పాలని నోరు తెరిచింది. యేసమ్మ కూడా ఏదో వినడానికి ఉన్నట్టు ఆమె వైపే చూసింది. రేపు సాయంత్రం దవాఖానకు పోదాం వదినె అని మాత్రం అని, మల్లక్క ఇంటికి వచ్చేసింది. ఆ రాత్రంతా ఆమె చెవి గోడకే ఉంది.

ఆదివారం పొద్దున షామియానా వేశారు. మైకు పెట్టారు. పశువుల దవాఖాన నుంచి ఒకరుంటే నిండుగా ఉంటుందని భూపాల్‌ను కూడా పిలిచారు, అతనింకా రాలేదు. పోశం వేదిక మీద వణుకుతూ కూర్చున్నాడు. సంతోషం పట్టలేక వణుకుతున్నాడని అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేల కింద మనం బొగ్గును తవ్వితే, బొగ్గే వెతుక్కుంటూ పైకొచ్చి మన పోశాన్ని పలకరించిందని ఆగయ్య మైకులో అరగంట మాట్లాడి శాలువా కప్పాడు. తర్వాత యేసమ్మను పిలిచారు. యేసమ్మ రాలేదు. ఒళ్లు తెలియకుండా పడి ఉందని, మంచినీళ్లు కూడా మింగడం లేదని చూసొచ్చిన ఎదురింటి పూలమ్మ చెప్పింది. అయితే దండ ఇంటికి పంపిద్దామన్నాడు ఆగయ్య.

మల్లక్క లేచి వేదిక ఎక్కింది. భార్య కూడా రెండు మాటలు చెప్తుందనుకుని ఆగయ్య మైకు ఇచ్చాడు.

“అది బొగ్గు మచ్చ కాదు,” అంది మల్లక్క. “మీరు తిన్న యాట కోసేటాల్లకే సచ్చి ఉండె. సచ్చిందాన్ని నేనే వండి పెట్టిన. దొమ్మరోగమది. యేసమ్మ వదినె పానం పోయెటట్టుంది. దండ తర్వాత, ముందుగాల ఆటో పిలువుండ్రి.”

పోశం శాలువాను రెండు చేతులా పట్టుకుని తల వంచుకున్నాడు. అందరికంటే ముందు తేరుకున్నది ఆగయ్య. మొగుడి గొప్పతనం చూడలేక ఇలా అంటోందన్నాడు. అరవై ఏళ్లుగా మాంసం తింటున్నానని, చచ్చినదేదో కోసినదేదో నాలుక మీద వేసుకుంటే తెలిసిపోదా అని గద్దించాడు.

అప్పుడు బుచ్చన్న లేచాడు.

“నీకు తెల్వదు ఆగన్నా. పోయిన దసరాకు నువ్వు ఇంటికి గూడ కట్టుకపోయినవ్ చూడు, మా మేక. అది గూడ గట్లనే సచ్చింది.”

బుచ్చన్న వెనక పూలమ్మ లేచింది, బతుకమ్మ పండుగకు తాము పెట్టింది కూడా అంతేనంది. చివరింటి సదానందం లేచాడు. మనవరాలి పుట్టినరోజున కోసిన గొర్రె తాడు విప్పేసరికే చల్లబడి ఉందన్నాడు. పరువు పోతుందని ఒకరు, దావత్ ఎగ్గొట్టాడంటారని ఒకరు, పిలిచాక ఎట్ల కాదంటామని ఒకరు. రెండేళ్లలో ఆ గల్లీలో ఏడు దావత్‌లయితే, కత్తి పడేదాకా ప్రాణంతో ఉన్న యాట ఏదా అని వెతకాల్సి వచ్చింది. ఒక్కటైనా ఉందని ఆగయ్య తన కొడుకు నిశ్చితార్థం పొట్టేలు పేరు ఎత్తబోయాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడే వచ్చిన భూపాల్ వేదిక పక్కన నిలబడి రిజిస్టరులో గబగబా రాసుకుంటూ, కొంచెం మెల్లగా చెప్పండని బతిమాలుతున్నాడు. అంతలోనే తేరుకుని, ముందు మనుషులను బండెక్కించమని రిజిస్టరు మూసేశాడు.

మూడు ఆటోలు కట్టుకుని దవాఖానకు పోయారు. యేసమ్మను నలుగురు మోసి ఎక్కించారు. పోశం భుజం మీది శాలువా తీయాలని ఎవరికీ తోచలేదు. అదే శాలువాతో అతన్ని మంచం మీద పడుకోబెట్టి సూదులిచ్చారు. పరీక్షలో దొమ్మరోగమేనని తేలింది. ఇంకో ముగ్గురికి చేతుల మీద పొక్కులు బయటపడ్డాయి, అవి గోలీలకే తగ్గిపోయాయి. దావత్ తిన్న ప్రతివాడికీ మందులిచ్చారు. అంత మాంసాన్ని చేత్తో కలిపి వండిన మల్లక్కకు మాత్రం ఏమీ కాలేదు. అదృష్టమన్నాడు డాక్టరు. ఆమెకు ఆ మాట తిట్టులా తగిలింది.

కాలనీలో భూపాల్ గొర్రెలకూ మేకలకూ టీకాలు వేశాడు. పెంటకుప్పలు తవ్వించి, మిగిలిన తోళ్లూ ఎముకలూ కాల్పించి, సున్నం పోయించాడు. గుట్ట మీద మేపు బంద్ అయింది. గుట్ట మట్టి ఎక్కడిదో, తాతల నాడు ఎవరి పశువులు అక్కడ పడి చచ్చాయో చెప్పగలిగినవాళ్లు కాలనీలో ఒక్కరూ మిగల్లేదు. పది రోజులకు పోశం మచ్చ ఎండి, పెచ్చు ఊడి, లోపలి నుంచి గులాబిరంగు తోలు వచ్చింది. అతను దాన్ని చొక్కా చేతి కింద దాచుకున్నాడు. మల్లక్కను ఒక్క మాటా అనలేదు.

యేసమ్మకు స్పృహ రావడానికి నాలుగు రోజులు పట్టింది. మనిషి దక్కింది. చూపుడు వేలు మాత్రం ఇక వంగదన్నారు. కుడిచేతికి భుజందాకా కట్టు ఉండటంతో మల్లక్క రోజూ పొద్దున జావ కాచి తీసుకుపోయి తినిపించేది. మొదటి మూడు రోజులూ యేసమ్మ మాట్లాడలేదు. చెంచా పెడితే మింగింది. నాలుగో రోజు చెంచా నోటిదాకా వచ్చాక తల పక్కకు తిప్పుకుంది.

“తలకాయ కాల్చినప్పుడే నాకు తెలిసింది మల్లక్కా,” అంది. “నెత్తురు గడ్డ కట్టలె. సచ్చినదాన్ని కోసిండ్రని తెలిసింది.”

మల్లక్క చెంచాను గిన్నెలో పెట్టింది. తెలిసి ఎందుకు తిన్నావని అడిగింది.

“అందరు తింటుండ్రు గద. నేనొక్కదాన్ని తినకుంటే నీ పరువు పోతది. నువ్వే వచ్చి చెప్తవని చూసిన. దుప్పటి తెచ్చిన దినం గూడ చూసిన. నడుమ ఒక్క గోడే గద మనకు.”

కాలనీ మొత్తానికి మైకులో చెప్పిన మల్లక్క ఇప్పుడు యేసమ్మ కాళ్లు పట్టుకుందామనుకుంది. కాని చేతిలో గిన్నె ఉంది. కళ్లనీళ్లు జావలో పడకుండా గిన్నెను పక్కకు జరిపింది.

యేసమ్మ మెల్లగా తల ఇటు తిప్పింది.

“ఆకలైతుంది, పెట్టు,” అంది. “ఇయ్యాల్టి సంది ఏం పెడుతున్నవో చెప్పి పెట్టు.”

“రాగిజావ వదినె,” అంది మల్లక్క, ఏడుస్తూనే. “రాగులు పోయిన వారం పట్టిచ్చినయి. నీళ్లు నల్లావి, మరగబెట్టిన. ఉప్పేసిన. ఇంత మజ్జిగ కలిపిన, అది నిన్నటిది, కొంచెం పులిసింది వదినె.”

“పులిస్తే ఏం కాదు,” అని యేసమ్మ నోరు తెరిచింది.